నలుగురి ముందు నోరు పెగలని భయానికి వీఆర్ చికిత్స: అందులో పనిచేసేది ఏది?

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో డేవిడ్ పాల్ పెర్టాబ్, మెల్ స్లేటర్, క్రిస్ బార్కర్ కలిసి చేసిన ఒక ప్రయోగం 2002లో ప్రచురితమైంది. 40 మందిని పిలిచి, ఒక్కొక్కరినీ ఐదు నిమిషాలు ప్రసంగించమన్నారు. వినడానికి ఎదురుగా కూర్చున్న ఎనిమిది మంది మగవాళ్లూ కంప్యూటర్ గీసిన బొమ్మలే. అప్పటి గ్రాఫిక్స్‌తో గీసినవి కాబట్టి వాటిని చూసి నిజమైన మనుషులని పొరబడే అవకాశమే లేదు. కొందరి ముందు ఆ బొమ్మలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. కొందరిని మెచ్చుకుంటున్నట్టు చూశాయి. ఇంకొందరి ముందు మాత్రం విసుగ్గా, చిరాగ్గా మొహాలు పెట్టాయి. ఈ మూడో రకం బొమ్మల ముందు మాట్లాడినవాళ్లకి టెన్షన్ పట్టుకుంది. మామూలుగా సభల్లో ధైర్యంగా మాట్లాడేవాళ్లని కూడా అది వదల్లేదు.

ఎదుట ఉన్నవి బొమ్మలని మనసుకి తెలుసు. ఒంటికి ఆ సంగతి పట్టదు. గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు తడుస్తాయి, గొంతు ఆరిపోతుంది. సోషల్ యాంగ్జైటీకి, అంటే నలుగురిలో ఉండాలంటే పట్టుకునే భయానికి, వర్చువల్ రియాలిటీతో (వీఆర్, అంటే కళ్లకి తగిలించుకునే హెడ్‌సెట్‌లో కంప్యూటర్ దృశ్యాలు చూపించడం) చేసే చికిత్స అంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

అయితే ఈ చికిత్స గురించి చెప్పేటప్పుడు చాలామంది హెడ్‌సెట్టే మందన్నట్టు మాట్లాడతారు. కళ్లకి తగిలించుకుంటే చాలు, భయం దానంతటదే దిగిపోతుందన్న ఆశ కల్పిస్తారు. ఆ ఆశతో డబ్బు పెట్టి, పది రోజుల్లో ఫలితం కనపడక, "నాకు ఇది కూడా పనిచేయలేదు" అని కుంగిపోయేవాళ్ల గురించే నా బాధ. హెడ్‌సెట్ చేసే పని ఒక్కటే. మామూలుగా ఏర్పాటు చేయడం కష్టమైన సందర్భాన్ని అడిగినప్పుడల్లా, అడిగినన్నిసార్లు కళ్ల ముందు పెడుతుంది. ఆ సందర్భంలో మనిషి చేత ఏం చేయిస్తారన్నదే చికిత్స.

"మా అమ్మాయికి నోట్లో నాలుక లేదండీ"

ముందు జబ్బు సంగతి. కొత్తవాళ్ల ముందు కాస్త బెరుకుగా ఉండటం జబ్బు కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం మూడో కూర్పులో, జబ్బు స్థాయికి చేరిన భయాన్ని సోషల్ ఫోబియా పేరుతో మొదటిసారి చేర్చింది. 2013 నాటి ఐదో కూర్పులో చూసే గుర్తులు ఇవి: నలుగురూ తనని గమనించే సందర్భాలంటే విపరీతమైన భయం, తను తప్పు చేస్తే నవ్వుతారన్న దిగులు, ఆ సందర్భాలను తప్పించుకు తిరగడం లేదా పళ్లబిగువున భరించడం, ఇదంతా ఆరు నెలలకు పైగా సాగడం, దానివల్ల చదువో ఉద్యోగమో సంసారమో దెబ్బతినడం.

ఇది ఎలా ఉంటుందో బయటివాళ్లకి కనపడదు. బ్యాంకు కౌంటర్ దగ్గర గుమాస్తా చూస్తుండగా సంతకం పెట్టాలంటే చెయ్యి వణికి, ఫారం ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఉంటారు. పెళ్లి భోజనాల బంతిలో ఎదుటి వరస తనవైపే చూస్తోందనిపించి రెండు ముద్దలు తిని లేచిపోయేవాళ్లు ఉంటారు. క్లాసులో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తరు. వైవా రోజున కడుపు నొప్పి వస్తుంది. ఫోన్ మోగుతుంటే ఆగేదాకా చూసి, తర్వాత మెసేజ్ పెడతారు. కొందరు మగపిల్లలు ఫంక్షన్‌కి వెళ్లే ముందు ఒక పెగ్గు వేసుకోవడం అలవాటు చేసుకుంటారు, అది తర్వాత రెండో జబ్బవుతుంది.

అమెరికాలో జరిగిన పెద్ద సర్వేల ప్రకారం ఈ సమస్య మొదలయ్యే వయసు సగటున 13 ఏళ్ల దగ్గర ఉంటుంది. అంటే మన లెక్కలో ఎనిమిదో తరగతి. ఆ వయసులో అల్లరి చేసే పిల్లవాణ్ణి టీచరు పట్టించుకుంటారు, మార్కులు తగ్గిన పిల్లని ట్యూషన్‌కి పంపుతారు. నోరు విప్పని పిల్లని మాత్రం మెచ్చుకుంటారు. "మా అమ్మాయి బుద్ధిమంతురాలండీ, నోట్లో నాలుక లేదు" అని బంధువుల ముందు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మెప్పు కింద ఆ పిల్ల పడే యాతన ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో గ్రూప్ డిస్కషన్‌కి వచ్చేసరికి అది బయటపడుతుంది. అప్పటికి ఏడెనిమిదేళ్లు గడిచిపోతాయి.

భయం ఎందుకు తగ్గదు

ఇన్నేళ్లు జనం మధ్యే బతుకుతున్నా భయం దానంతటదే ఎందుకు పోదు? ఈ ప్రశ్నకి 1995లో బ్రిటన్‌కి చెందిన డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ ఇచ్చిన వివరణ నాకు అన్నిటికన్నా సరైనదిగా అనిపిస్తుంది. సోషల్ యాంగ్జైటీ ఉన్న మనిషి జనం మధ్య ఉన్నప్పుడు జనాన్ని చూడడు. తన దృష్టంతా తన మీదే ఉంటుంది. చెవులు వేడెక్కుతున్నాయి, గొంతు వణుకుతోంది, చెమట కనపడుతోందేమో అని లోపలే లెక్కలు వేసుకుంటాడు. లోపల తనకి ఎలా అనిపిస్తోందో బయటికీ అలాగే కనపడుతున్నానని నమ్ముతాడు. దానికి తోడు కొన్ని రక్షణ ఎత్తుగడలు పెట్టుకుంటాడు. చెయ్యి వణకడం కనపడకుండా జేబులో పెట్టుకోవడం, కాగితంలోంచి తల ఎత్తకుండా చదివేయడం, మాట్లాడే ప్రతి వాక్యాన్నీ ముందే మనసులో పది సార్లు అనుకోవడం లాంటివి.

గండం గడిచాక "హమ్మయ్య, చెయ్యి జేబులో పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను" అనుకుంటాడు. అక్కడ నిజానికి ఏ ప్రమాదమూ లేదన్న సంగతి తెలుసుకునే అవకాశం మళ్లీ పోతుంది. వంద మీటింగులకి వెళ్లినా నూటొకటోది మొదటిదానిలాగే భయపెడుతుంది.

ఎక్స్‌పోజర్ చికిత్స సరిగ్గా ఇక్కడే చెయ్యి పెడుతుంది. భయపడే సందర్భంలోకి, ఆ ఎత్తుగడలు లేకుండా, మెట్టుమెట్టుగా తీసుకెళ్తుంది. జోసెఫ్ వోల్పె 1950లలోనే ఇలా మెట్లవారీ పద్ధతి మొదలుపెట్టాడు. అప్పట్లో ఒంటిని సడలించి ప్రశాంతంగా ఉంచుతూ భయాన్ని కరిగించాలని అనుకునేవారు. మిషెల్ క్రాస్కే, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన పత్రం దీన్ని కొంచెం వేరుగా చూడమంది. టెన్షన్ తగ్గిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. "ఇలా జరుగుతుంది" అని రోగి భయపడినది జరిగిందా లేదా అన్నదే ముఖ్యం. భయపడినది జరగలేదని కళ్లారా చూసినప్పుడు మెదడు ఒక కొత్త పాఠం నేర్చుకుంటుంది. పాత పాఠం చెరిగిపోదు, కొత్తది దాని పక్కన చేరుతుంది. మళ్లీ మళ్లీ, వేరువేరు చోట్ల చేస్తే కొత్తదే ముందు గుర్తుకొస్తుంది.

చెప్పడానికి బాగానే ఉంది, చేయించడమే కష్టం. ఎత్తులంటే భయపడే మనిషిని మేడ మీదికి తీసుకెళ్లొచ్చు. నలుగురిలో మాట్లాడటమంటే భయపడేవాళ్ల కోసం సైకాలజిస్ట్ ప్రతి బుధవారం సాయంత్రం ఐదింటికి ముప్పై మందిని ఎక్కణ్ణుంచి పోగేస్తారు? పోగేసినా, "ఇప్పుడు మూడో వరసాయన కాస్త విసుక్కోండి" అని అడగగలరా? ఈ ఇబ్బంది వల్లే చాలా చోట్ల ఎక్స్‌పోజర్ కాగితం మీదే మిగిలిపోతుంది. వీఆర్ తీర్చింది ఈ కొరతనే.

ఒక సెషన్‌లో ఏం జరుగుతుంది

బీటెక్ మూడో ఏడాది చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. క్లాసులో సెమినార్ ఇవ్వాలి, రెండుసార్లు తప్పించుకుంది. మొదటి రెండు మూడు సెషన్లలో హెడ్‌సెట్ ఊసే ఉండదు. ఏ సందర్భానికి నూటికి ఎంత టెన్షన్ వస్తుందో ఒక పట్టీ రాయిస్తారు. తర్వాత అసలు పని. "ఏం జరుగుతుందని నీ భయం?" అని సైకాలజిస్ట్ అడుగుతారు. అమ్మాయి చెప్పింది చెప్పినట్టే కాగితం మీద పెడతారు: "ఒక చోట ఆగిపోతాను. ఆగితే మళ్లీ మాట రాదు. అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుతారు." ఇది జరుగుతుందని ఎంత నమ్మకమో కూడా రాస్తారు. నూటికి తొంభై.

ఇప్పుడు హెడ్‌సెట్. చిన్న మీటింగ్ గది, బల్ల చుట్టూ ఐదుగురు. అమ్మాయి తల ఎటు తిప్పితే దృశ్యం అటు తిరుగుతుంది. రెండు కళ్లకీ కొద్ది తేడాతో రెండు బొమ్మలు చూపించడం వల్ల లోతు తెలుస్తుంది. తల కదలికకీ బొమ్మ కదలికకీ మధ్య ఆలస్యం సెకనులో యాభయ్యో వంతు కన్నా తక్కువ ఉండేలా చూస్తారు కాబట్టి ఆ గదిలో ఉన్నట్టే ఉంటుంది. ఆమె చూసేదే సైకాలజిస్ట్ ముందున్న తెర మీదా కనపడుతుంది. దాని పక్కన కొన్ని బటన్లు: శ్రద్ధగా వినడం, ఆవలించడం, గుసగుసలు, ఫోన్ మోగడం, ప్రశ్న అడగడం.

అమ్మాయి మొదలుపెడుతుంది. తెర మీద బల్ల అంచు తప్ప ఏమీ కనపడదు. అంటే ఆమె ఎవరి మొహమూ చూడట్లేదు. నిజమైన క్లాసులో ఈ విషయం ఇంత కచ్చితంగా ఎవరూ పసిగట్టలేరు. "తల ఎత్తమ్మా. కుడివైపు రెండో ఆయన కళ్లలోకి చూసి చెప్పు." బల్ల అంచు మెల్లగా కిందికి జరిగి ఒక మొహం తెర మీదికి వస్తుంది. రెండు వాక్యాలయ్యాక సైకాలజిస్ట్ ఒక బటన్ నొక్కుతారు. ఆ మనిషి ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెడతాడు. అమ్మాయి గొంతు ఆగిపోతుంది. నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం. ఆమెకది యుగంలా అనిపిస్తుంది.

హెడ్‌సెట్ తీశాక చేసే సంభాషణే సెషన్‌కి ప్రాణం.

"ఆగిపోయావు కదా. ఆగాక ఏమైంది?"

"మళ్లీ మొదలుపెట్టాను మేడమ్."

"నవ్వారా?"

"లేదు. ఒకాయన ఫోన్ చూసుకున్నాడు, అంతే."

తర్వాత రికార్డింగ్ వినిపిస్తారు. తన గొంతు వణికిపోయిందని ఆమె నమ్మింది, రికార్డింగ్‌లో వినపడేది మామూలు గొంతు. లోపల అనిపించేదానికీ బయటికి తెలిసేదానికీ ఉన్న దూరం ఆమెకి అప్పుడు అర్థమవుతుంది. మళ్లీ నమ్మకానికి అంకె వేయమంటారు. వచ్చే వారానికి ఒక పని ఇస్తారు: క్లాసులో ఒక్క ప్రశ్న అడిగి రావాలి. హెడ్‌సెట్‌లో నేర్చుకున్నది బయట వాడకపోతే అది అక్కడే ఉండిపోతుంది.

పరిశోధనలు ఏం తేల్చాయి

ఈ దారి మొదట తొక్కింది ఎత్తుల భయం మీద. 1995లో అట్లాంటాలో బార్బరా రోత్‌బామ్, లారీ హాడ్జెస్ బృందం కంప్యూటర్‌తో వంతెనలు, బాల్కనీలు, అద్దాల లిఫ్ట్ తయారుచేసి, ఎత్తులకి భయపడే విద్యార్థులను వాటి మీదికి ఎక్కించింది. భయం తగ్గింది. ఎవరూ చెప్పకుండానే కొందరు తమంతట తాము బయట ఎత్తయిన చోట్లకి వెళ్లి పరీక్షించుకోవడం ఆ పరిశోధకులకి కనిపించిన మంచి గుర్తు.

సోషల్ యాంగ్జైటీ విషయానికి వస్తే మూడు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడాలి. అట్లాంటాలోనే జార్జియా స్టేట్ యూనివర్సిటీలో పేజ్ ఆండర్సన్ 2013లో ప్రచురించిన దాంట్లో 97 మంది పాల్గొన్నారు, అందరికీ ప్రధాన భయం నలుగురి ముందు మాట్లాడటమే. కొందరికి ఎనిమిది సెషన్ల వీఆర్, కొందరికి నిజమైన మనుషుల గుంపులో ఎక్స్‌పోజర్, మిగిలినవాళ్లు వెయిటింగ్ లిస్టులో. రెండు చికిత్సలూ పనిచేశాయి, ఒకదానికన్నా ఒకటి మెరుగని తేలలేదు. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

నెదర్లాండ్స్‌లో ఇసబెల్ కాంప్‌మాన్ 60 మందితో చేసి 2016లో ప్రచురించిన ఫలితం అంత అనుకూలంగా రాలేదు. అక్కడ ఆలోచనలను చర్చించే భాగాన్ని కావాలనే తీసేసి, ఉత్త ఎక్స్‌పోజర్‌నే పరీక్షించారు. వీఆర్ పనిచేసింది గానీ, నిజమైన మనుషుల మధ్య చేసిన ఎక్స్‌పోజర్ చాలా కొలతల్లో ముందుంది. ముఖ్యంగా "ఎదుటివాళ్లు నన్ను తక్కువగా అంచనా వేస్తారు" అన్న భయాన్ని నిజమైన మనుషులే బాగా తగ్గించారు.

2017లో కెనడాలోని క్యుబెక్‌లో స్టెఫాన్ బుషార్ ఫలితం దీనికి ఎదురుగా వచ్చింది. 59 మంది, 14 వారాలు, పూర్తి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలనీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స. ఒక గుంపుకి ఎక్స్‌పోజర్ భాగం వీఆర్‌లో, ఇంకో గుంపుకి నిజజీవితంలో. ప్రధాన కొలతలో వీఆర్ గుంపే మెరుగ్గా ఉంది, చికిత్స చేసేవాళ్లకి శ్రమా తగ్గింది. ఇక్కడ వాడిన సందర్భాలు గమనించండి. ఉద్యోగ ఇంటర్వ్యూ ఉంది, బంధువులని చెప్పి పరిచయం చేసిన మనుషులతో ఒక ఇంట్లో కబుర్లు ఉన్నాయి, కాఫీ హోటల్ బయట అందరూ చూస్తుండగా కూర్చోవడం ఉంది, కొనేదాకా వదలని దుకాణదారుడికి "వద్దు" అని చెప్పడం ఉంది.

రెండు ఫలితాలూ పొంతన లేనట్టు కనిపిస్తాయి. పరిశోధనల తీరు వేరు కాబట్టి ఒక్క కారణం మీదికి నెట్టలేం. నేను మాత్రం ఇలా చదువుకుంటాను: బొమ్మల ముందు నిలబెట్టడం వరకే అయితే మనిషికి సగమే దొరుకుతుంది. ముందు భయాన్ని మాటల్లో పెట్టించి, తర్వాత ఏం జరిగిందో కూర్చుని మాట్లాడించే చికిత్సలో వీఆర్ ఒక భాగంగా ఉన్నప్పుడే దాని బలం తెలుస్తుంది. రకరకాల ఆందోళన సమస్యల మీద జరిగిన 30 పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణ కూడా, నిజజీవితంలో చేసే ఎక్స్‌పోజర్‌కి వీఆర్ దాదాపు సమానమనే చెప్పింది. దానికన్నా గొప్పదని చెప్పలేదు.

మందుల సంగతీ ఒక్క మాట. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి ఈ సమస్యకి పనిచేస్తాయి, సైకియాట్రిస్ట్ రాస్తే వాడొచ్చు. వీఆర్ వాటికి పోటీ కాదు.

బొమ్మల హద్దు

ఈ చికిత్సలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. ఎత్తుల భయంలో లోయ నిజంగా ఉందా లేదా అన్నదే ప్రశ్న. సోషల్ యాంగ్జైటీలో భయమంతా ఎదుటి మనిషి మనసులో మెదిలే మాట గురించి. బొమ్మకి మనసు లేదు. "వాళ్లేమనుకుంటే నాకేంటి, బొమ్మలే కదా" అని రోగికి అనిపించిన క్షణంలో ఆ సెషన్ బలం తగ్గిపోతుంది. కొందరికి ఇంకో రకంగా అవుతుంది. హెడ్‌సెట్‌లో హాయిగా మాట్లాడటం అలవాటై, బయటికి వెళ్లాల్సిన పనిని వాయిదా వేస్తూ పోతారు. అప్పుడు హెడ్‌సెట్టే ఒక కొత్త రక్షణ ఎత్తుగడ అవుతుంది. అందుకే వారం వారం బయట చేసి రావాల్సిన పని లేని వీఆర్ చికిత్సను నేను చికిత్స అనలేను.

కొంతమందికి తల తిరగడం, వికారం వస్తాయి. కళ్లకి కదులుతున్నట్టు కనపడి, చెవి లోపలి సమతుల్యం మాత్రం కదలలేదని చెప్పడం వల్ల అలా అవుతుంది. నిలబడి మాట్లాడే దృశ్యాల్లో ఇది తక్కువే. ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా పెట్టుకోకూడదు.

ఇంకోటి, అంతగా ఎవరూ మాట్లాడనిది. హెడ్‌సెట్ తల, చేతుల కదలికలను క్షణక్షణం నమోదు చేస్తుంది. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 511 మందితో చేసిన పరీక్షలో, ఐదు నిమిషాల కన్నా తక్కువ కదలికల సమాచారంతోనే ఆ మనిషి ఎవరో 95 శాతం కచ్చితంగా చెప్పగలిగారు. తన భయాల గురించి నోరు విప్పిన మనిషి సమాచారం అది. ఎవరి దగ్గర దాస్తారో అడగడం రోగి హక్కు.

మన దగ్గరికి వస్తే

అట్లాంటా, ఆమ్‌స్టర్‌డామ్, క్యుబెక్ బొమ్మలు అక్కడి మనుషుల్లా ప్రవర్తిస్తాయి, అక్కడి భాషలు మాట్లాడతాయి. మన పిల్లల భయాలు మన చోట్ల ఉంటాయి. వైవాలో ఎక్స్‌టర్నల్ కళ్లజోడు పైనుంచి చూసే చూపు, ఇంగ్లిష్‌లో ఒక్క మాట తడబడితే వెనక బెంచీలోంచి వచ్చే చిన్న నవ్వు, పెళ్లిలో పెదనాన్న వరసాయన పదిమందిలో గట్టిగా అడిగే "ఏరా, ఉద్యోగం ఏమైంది?". ఈ దృశ్యాలు తెలుగులో తయారు కావాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. 360 డిగ్రీల కెమెరాతో తీసిన వీడియోలను కూడా ఈ చికిత్సలో వాడుతున్నారు. ఏదైనా కాలేజీ సెమినార్ హాల్లో ముప్పై మంది విద్యార్థులు ఒక పూట కూర్చుని, శ్రద్ధగా ఒకసారి, విసుగ్గా ఒకసారి నటిస్తే మన సరంజామా సిద్ధమవుతుంది. విశ్వవిద్యాలయాల సైకాలజీ విభాగాలు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిస్తే చేయగల పని ఇది. ఎవరైనా పూనుకుంటే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పరికరాల ధర ఇప్పుడు అడ్డంకి కాదు. 2016 తర్వాత హెడ్‌సెట్లు మామూలు మార్కెట్‌లోకి వచ్చాయి, 2018 నుంచి కంప్యూటర్‌తో పని లేకుండా నడిచేవీ వచ్చాయి. అసలు కొరత చికిత్స చేసే మనుషులది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దానికి తోడు సిగ్గు. హైదరాబాద్‌లో "ఎర్రగడ్డ", విశాఖలో "పిచ్చాసుపత్రి" అన్న మాటలు ఇప్పటికీ వెక్కిరింపులుగానే వినపడతాయి. కొత్తవాళ్లతో మాట్లాడలేకపోవడమే జబ్బయిన మనిషి, ఒక కొత్త డాక్టర్ ముందు కూర్చుని తన సంగతి చెప్పుకోవాలి. ఈ జబ్బులో మొదటి మెట్టే అన్నిటికన్నా ఎత్తయినది.

ఇక్కడ బ్రిటన్ అనుభవం పనికొస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన డేనియల్ ఫ్రీమన్ బృందం గేమ్‌చేంజ్ అనే వీఆర్ కార్యక్రమాన్ని 346 మందితో పరీక్షించి 2022లో ప్రచురించింది. వాళ్లది సోషల్ యాంగ్జైటీ కాదు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక రుగ్మత) వల్ల ఇల్లు దాటి బయటికి రావడానికి భయపడేవాళ్లు. బస్సు, దుకాణం, డాక్టర్ దగ్గర వెయిటింగ్ గది లాంటి చోట్ల ఒక వర్చువల్ కోచ్ దారి చూపిస్తుంది. దాదాపు ఆరు సెషన్లు, ఒక్కోటి అరగంట. అందరికన్నా ఎక్కువ భయం ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. పక్కన కూర్చున్న సిబ్బందిలో సైకాలజిస్టులతో పాటు, ఒకప్పుడు తామూ మానసిక సమస్యలతో బాధపడి కోలుకున్న సహాయకులు కూడా ఉన్నారు. నిపుణులు తక్కువగా ఉన్న చోట ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోవచ్చు. ఎవరూ పక్కన లేకుండా, ఇంట్లో ఒంటరిగా యాప్ పెట్టుకోవడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

వీఆర్ చికిత్స ఇస్తామనే క్లినిక్‌కి వెళ్లాలనుకుంటే కొన్ని సంగతులు ముందే అడగండి. చికిత్స చేసేవాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులా? హెడ్‌సెట్ పెట్టుకోకముందు, తీసేశాక మాట్లాడటానికి ఎంత సమయం ఇస్తారు? బయట చేసి రావాల్సిన పనులు ఉంటాయా? రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారు? అన్నిటికీ తాపీగా జవాబు చెప్పే చోటికే వెళ్లండి. హెడ్‌సెట్ లేకపోయినా మంచి సైకాలజిస్ట్ దొరికితే ఆగాల్సిన పని లేదు, బహిరంగ ప్రదేశాల్లోనే ఈ ఎక్స్‌పోజర్ చేయించగలరు.

మనిషి ఎదుటికి వెళ్లి చెప్పుకోవడం ఇంకా కష్టంగా ఉంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ కేంద్రం టెలి మానస్ ఉంది. నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఎత్తడమే భయమైతే, ఏం చెప్పాలో నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదివేయండి. అవతలివాళ్లకి ఇలాంటి ఫోన్లు అలవాటే.